ఎగ్ క్వాలిటీ లేదట!

మా పిన్ని కూతురికి పిల్లల కోసం ఇక్సీ అనే ఐవీఎఫ్ చికిత్స చేశారు. తొమ్మిది అండాలు తీస్తే ఒక్కటీ ఫెర్టిలైజ్ కాలేదు. డాక్టరు ఇంకా నోరు విప్పకముందే ఇంట్లో తీర్పు వచ్చేసింది: "పిల్లకి ఎగ్ క్వాలిటీ లేదట." బావ వీర్యకణాల కౌంట్ నార్మల్ అన్న రిపోర్టు మాత్రం ఫ్యామిలీ గ్రూపులో ఫొటోతో సహా పడింది!

ఒళ్ళు మండి రాస్తున్నాను. ఇక్సీలో వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకే ఎక్కిస్తారు. అయితే లోపలికి చేరినంత మాత్రాన పని అయిపోదు. అప్పటికి అండం తన రెండో విభజన మధ్యలో బ్రేకు వేసుకుని ఆగి ఉంటుంది. ఆ బ్రేకు తీయించేది వీర్యకణం మోసుకొచ్చే పీఎల్‌సీ జీటా అనే ప్రోటీన్. 2002లో బ్రిటన్‌లోని కార్డిఫ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో దీన్ని పట్టుకున్నారు. ఇది చేరాక అండం తన లోపల దాచుకున్న కాల్షియాన్ని వదులుతుంది. ఒక్కసారి కాదు, గంటల తరబడి ఉండుండి అలలుగా. ఆ అలలకే బ్రేకు ఊడుతుంది, ఆగిన విభజన పూర్తవుతుంది, ఇంకో వీర్యకణం దూరకుండా పైపొర గట్టిపడుతుంది.

మరి ఆ ప్రోటీనే లేకపోతే? కొందరు మగవాళ్ళలో ఉండే గుండ్రటి తల వీర్యకణాల్లో తరచుగా జరిగేది అదే. తల మామూలుగా కనిపించినా లోపం ఉండొచ్చు. కౌంట్, కదలిక, ఆకారం చూసే మామూలు రిపోర్టులో దీని ఊసే ఉండదు. తెలుసుకోడానికి మనిషి వీర్యకణాన్ని ఎలుక అండంలోకి ఎక్కించి, అది మేలుకుంటుందో లేదో చూసే పరీక్ష ఒకటుంది (నవ్వకండి, నిజమే).

అండంలో లోపమే ఉండదని నేననను. ఉంటుంది. కానీ చూడకుండానే ఆడపిల్ల మీదకి నెట్టేయడం ఏంటి?

వీర్యకణం వల్లనే అయితే దారి కూడా ఉంది. కాల్షియం అయానోఫోర్ అనే మందులో అండాలను కాసేపు ఉంచి బయటి నుంచే మేలుకొలుపుతారు. అందరికీ పనిచెయ్యదు, కొందరికి చేస్తుంది. అసలు వీర్యకణమే లేకుండా సముద్రపు నీటిలో లవణాలు మార్చి జాక్ లోబ్ అనే శాస్త్రవేత్త 1899లోనే సీ అర్చిన్ అనే సముద్రజీవి అండాలను మేలుకొలిపాడు!

"వచ్చేసారి ఆ మందు సంగతి డాక్టర్ని అడుగుతానురా" అంది అక్క నిన్న ఫోన్లో. అడుగు, ముందు బావ రిపోర్టు గ్రూపులోంచి తీయించు అన్నాను.