కార్బైడ్ రేణువు గారికి, గట్టు తగాదా విషయమై

ఆర్యా,

ఇనుములో అల్యూమినియం కలిపి చేసిన నా మిశ్రలోహంలో తమరు కాపురం పెట్టి మూడు నెలలైంది. అద్దె అడగడానికి కాదు, కాస్త పక్కకి జరగమని ఈ ఉత్తరం.

పిలిచింది మేమే, ఒప్పుకుంటాను. ఈ లోహం జాతకం చూస్తే బ్రహ్మాండం. స్టీలుకంటే తేలిక, దినుసులు చవక, పైన అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర కట్టుకుని తుప్పుని దరి చేరనివ్వదు. తీరా చూస్తే 600 డిగ్రీలు దాటగానే నీరసం. మామూలు వేడిలోనేమో గాలిలో తేమ కూడా పడదు. ఆ తేమ అల్యూమినియంతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది, అది లోపలికి దూరి పెళుసు చేస్తుంది. చల్లగా, రోలర్ల మధ్య నొక్కి సాగదీసే రోలింగ్‌కి పెట్టిన మొదటి ముక్క అప్పడంలా ఫెళ్లుమంది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్ఎల్‌లో ఇలాంటి లోహానికి కావాలనే కార్బన్ కలిపి బలం తెచ్చారు కదా అని మేమూ నయోబియం అనే లోహమూ కార్బనూ వేసి, ఆ రెండూ కలిస్తే పుట్టే తమర్ని ఆహ్వానించాం.

ఇక తగాదా. రెండో ముక్కని వేడి మీద రోల్ చేసి, ఫర్నేస్‌లో 800 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. లోహమంతా గ్రెయిన్లనే చిన్న చిన్న స్ఫటికాల మడులు, వాటి మధ్య సరిహద్దే గట్టు. నలిగిపోయిన పాత గ్రెయిన్లలోకి కొత్తవి గట్టు జరుపుకుంటూ రావాలి. రీక్రిస్టలైజేషన్ అంటే అదే. తమరేమో ఆ గట్టు మీద సర్వే రాయిలా పాతుకుపోయారు. ఎంత చిన్నగా, ఎంత దగ్గర దగ్గరగా ఉంటే మీ పట్టు అంత గట్టిదని జీనర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎప్పుడో లెక్కకట్టాడు. పోనీ ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉన్నారా? ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటి ఒళ్లు చేసిన మీ అన్నగారి చుట్టూ రోలింగ్ ఒత్తిడంతా పోగై, కొత్త గ్రెయిన్లు అక్కడే మొలుస్తున్నాయి. ఆయన రేపుతాడు, తమరు ఆపుతారు.

సాయంత్రమంతా పాలిష్ పట్టి, గట్లు కనబడేలా యాసిడ్‌తో ఎచింగ్ చేసి మైక్రోస్కోప్ కింద పెడితే సగం సాగిన పాత గ్రెయిన్లు, సగం బుల్లి కొత్తవి. మా గైడు గారు చూసి, "ఇది అయినట్టా, కానట్టా?" అన్నారు. ఏం చెప్పను?

తమర్ని మొత్తానికి పంపించేద్దామంటే గ్రెయిన్లు గుమ్మడికాయల్లా పెరుగుతాయి, బలమూ పోతుంది. అందుకే ముందు బాగా కాల్చి తమర్ని కరిగించాం, పని అయ్యాక మళ్లీ పిలుద్దామని. రోలింగ్ అవుతుండగానే డిస్లొకేషన్ల మీద, అంటే నలిగినప్పుడు స్ఫటికంలో పడే వరస తప్పుల మీద, వచ్చి వాలారు. పిలవకముందే పెళ్లి భోజనానికి కూర్చునే బంధువులు కూడా ఇంత తొందరపడరు.

శుక్రవారం నా రివ్యూ. ఈ రాత్రి ఇంకో ముక్కని 900 దగ్గర పెడుతున్నాను. ఆ ఒక్క గంట గట్టు వదలండి.

ఇట్లు,
ఎమరీ పేపరుకి వేళ్లు అరిగిన విద్యార్థి