ఒక మొక్క పీకితే జైలు, వెయ్యి పూడిస్తే వెంచర్

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం చట్టం విషయంలో మహా కచ్చితం. అక్కడి చిత్తడి నేలల్లో పెరిగే, పురుగుల్ని పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్కని, అదే మనం బోటనీలో బట్టీపట్టిన డయోనియాని, యజమాని అనుమతి లేకుండా పీకితే 2014 డిసెంబర్ నుంచి పెద్ద నేరం. నెల తిరిగీ తిరగ్గానే, 2015 జనవరిలో, హోలీ షెల్టర్ రక్షిత భూముల్లో నలుగురు 970 మొక్కలతో దొరికారు. ఒకాయనకి శిక్ష కూడా పడింది. ధర్మం నాలుగు పాదాలా నడిచింది.

ఆ నేల మీ సొంతమైతే మాత్రం ఆ ధర్మం మీ గేటు దగ్గరే ఆగిపోతుంది. తడి నేలకి కావాల్సిన పర్మిషన్లేవో తెచ్చుకుని కాలువలు తవ్వి నీళ్లు లాగేయండి, బుల్డోజర్ తోలండి, గోల్ఫ్ కోర్సు పరిచేయండి. కింద ఎన్ని వేల మొక్కలు పోయినా దాని పేరు దొంగతనం కాదు, అభివృద్ధి.

నన్నడిగితే తప్పంతా మొక్కదే. ఇంత ప్రపంచం ఉండగా, పోయి పోయి అక్కడి తీరపట్టణం విల్మింగ్టన్ చుట్టుపక్కల సుమారు నూటపాతిక కిలోమీటర్ల లోపలే పుట్టాలా? రిటైరైనవాళ్లంతా సముద్రం పక్కన ఇల్లు కావాలని ఎగబడేదీ అక్కడే. పైగా దీనికి ఎరువు పడదు, సారం లేని నేలే కావాలి. అన్నిటికీ మించి, నిప్పు కావాలి! పైన్ అడవిలో నాలుగేళ్లకోసారైనా మంట నడిస్తేనే పొదలు కాలి, జానెడు ఎత్తు కూడా లేని దీని ఆకుకి ఎండ తగులుతుంది. పక్కన కాలనీ వచ్చాక పొగ పెడితే ఊరుకుంటారా? కార్లమీద బూడిద పడదూ!

తెలివి లేనిదా అంటే, అదీ కాదు. ఆకులోపలి వెంట్రుకని పురుగు ఒకసారి తాకితే కదలదు. ఇరవై సెకన్లలోపు రెండోసారి తాకితేనే ఆకు బోనులా టక్కున మూసుకుంటుంది. పూలని మాత్రం పొడుగాటి కాడ మీద, బోనుకి దూరంగా పూయిస్తుంది, పుప్పొడి మోసే పురుగుని తినకూడదని. మేలు చేసినవాణ్ణి మింగని ఈ అమాయకత్వంతో ఈ రోజుల్లో బతకడం కష్టమే. కరోలినా బీచ్ స్టేట్ పార్కులో దీనికోసమే ఒక బాట ఉంది. చూడ్డానికి వెళ్లేవాళ్లలో (మనవాళ్లూ ఉంటారు లెండి) వేలు పెట్టి గిల్లి, అది మూసుకుంటుంటే వీడియో తీసుకునేవాళ్లకి కొదవుండదు. ఉత్తుత్తినే కొన్నిసార్లు మూయిస్తే ఆ బోను ఎండిపోతుంది. దాన్నెవరు నేరమనుకుంటారు?

ఈ మొక్కలు ఎక్కువగా రక్షిత భూముల్లోనే ఉన్నాయి కాబట్టి ప్రమాద జాబితాలో చేర్చనక్కర్లేదని 2023లో ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. బయట ఉన్నవాటి సంగతి బిల్డర్లు చూసుకుంటారు.

మొక్కలతో దొరికిన ఆ నలుగురికీ నాదొక్కటే సలహా. ఈసారి దొంగచాటుగా వెళ్లకండి. పగటిపూట, సర్వేయర్ని వెంటబెట్టుకుని, లేఅవుట్ మ్యాపుతో వెళ్లండి. కౌంటీవాళ్లే, అంటే అక్కడి జిల్లా ఆఫీసువాళ్లే, ఎదురొచ్చి కుర్చీ వేస్తారు.