నాభి నుంచి పాడండి, మిగతాది వాచ్‌మన్ చూసుకుంటాడు

తిరుపతిలో ఫ్లెక్సీలు మనకేం కొత్త కాదు. పుట్టినరోజుకి, పదవికి, పది పాసైన పిల్లోడికి, అన్నిటికీ ఒకటే సైజు. కానీ బైపాస్ రోడ్డులో వేలాడతా ఉన్న ఈ ఫ్లెక్సీ ముందు మాత్రం బండి ఆపకుండా పోలేకపోయినా. "గ్యాస్, అల్సర్, ఐబీఎస్, కొలైటిస్... మందులు లేకుండా సామూహిక గానంతో శాశ్వత విముక్తి! ఆదివారం ఉదయం 6 గంటలకు. ఖాళీ కడుపుతో రావలెను." ఒకపక్క హార్మోనియం, ఇంకోపక్క పేగులు, రెండూ ఒకే గులాబీ రంగు, మడతలు కూడా ఒకటే మాదిరి, ఏది వాయించాల్నో ఏది కొయ్యాల్నో ఆ డిజైనర్‌కే తెలియాల. అయినా పొద్దున 6 గంటలకి కొలైటిస్, అంటే పెద్దపేగు వాపు, ఉన్నోడు యాడుంటాడో ఆ టైం పెట్టినోడికి తెలీదంటే, వాళ్ళ వైద్యం ఎంతమాత్రమో అక్కడే తెలిసిపోయింది.

పోయినా. పోకుండా ఉంటానా?

కల్యాణమండపం మేడ మీద హాలు. జనం బాగానే వచ్చినారు. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు వెతికింది కుర్చీ కాదు, బాత్రూం. ఉన్నది ఒక్కటి, దానికి తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకి పోయినాడు. ఈ పరిస్థితిలో సంగీతం టీచరమ్మ శ్రుతి పెట్టి, కళ్ళు మూసుకుని, "గొంతుతో కాదండీ, నాభి నుంచి రావాలి. లోపలేమీ బిగబట్టుకోకండి, వదిలెయ్యండి" అనింది. ఏళ్ళ తరబడి బిగబట్టుకోవడమే బతుకైపోయిన జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన చెయ్యెత్తి, "అమ్మా, ఆరోహణ ఎట్నో పాడేస్తా, అవరోహణకి మాత్రం నాకు గ్యారంటీ లేదు" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు. "మంద్రానికి భయపడకూడదు బాబాయ్ గారూ, ఇంకా కిందికి, ఇంకా కిందికి" అని ఎంకరేజ్ చేసింది. ఆయన నిజాయితీగా ప్రయత్నించినాడు. రెండో వరసలో ఇద్దరు ఆడోళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, టీచరమ్మ అది భక్తి అనుకునింది. షడ్జమం పట్టమంటే ఇంకొకాయన కడుపు పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తినాడు, వాచ్‌మన్‌ని పిలుస్తా పోయిన ఆ కేక ఉండాదే, ఆ పొద్దు మొత్తానికి శ్రుతిలో ఉన్నది అదొక్కటే.

తర్వాత నిర్వాహకుడు సైన్సు ఎత్తుకున్నాడు. వేగస్ నాడి, వేగస్ నాడి అని ఒకటే జపం. అది అబద్ధమా అంటే కాదు, ఒళ్ళుమండేది అందుకే. మెదడు నుంచి వచ్చే 10వ నాడి అది, దారిలో గొంతుకి, గుండెకి కొమ్మలిచ్చి పేగుల దాకా పోతుంది. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, కడుపుతో ఊపిరి తీసేది అలవాటైతే రిఫ్లక్స్, అంటే కడుపులో యాసిడ్ పైకి ఎగదన్నే బాధ, ఉన్నోళ్ళకి కొంచెం సుఖం, టెన్షన్ తగ్గితే మాటిమాటికీ కడుపు మెలిపెట్టే ఐబీఎస్ కూడా కొంచెం నెమ్మదిస్తుంది, నలుగురితో కలిసి పాడితే ఈ బాధ నాకొక్కడికే కాదనే ధైర్యం. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నోళ్ళకి ఇట్లాంటి పాటల గుంపులు నడుపుతా ఉండారు, కానీ వాళ్ళు ఇన్‌హేలర్ పారెయ్యమనరు. అల్సర్‌కి టెన్షనే కారణమని లోకమంతా అనుకునే రోజుల్లో, 1984లో, బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు కాదు బ్యాక్టీరియా అని చెప్పేదానికి దాన్నే గటగటా తాగి కడుపు పాడుచేసుకున్నాడు, 2005లో నోబెల్ ఇచ్చినారు. పాపం, మన హార్మోనియం సంగతి ఆయనకి తెలీలేదు. అన్నమయ్యని కూడా వదల్లేదండీ, 32 వేల సంకీర్తనలు పాడబట్టే 95 ఏళ్ళు అరుగుదల బాగుండిందంట! ఆయన ఏడుకొండలాయన కోసం పాడినాడు సామీ, అజీర్తికి కాదు.

అన్నీ అయినాక పులిహోర, మిరపకాయ బజ్జీ, స్ట్రాంగ్ కాఫీ. అల్సర్ పేషెంట్లకి.

ఇంతవరకూ నవ్వుకున్నా. చివరి వరసలో డిగ్రీ చదివే పిల్ల, పక్కన వాళ్ళమ్మ. క్రోన్స్ అంట, పేగులు వాచి పుండ్లు పడే జబ్బు, ఆ పిల్ల గాజులు మోచేతి దాకా జారిపోతా ఉండాయి. నిర్వాహకుడు ఆ తల్లి చేతిలో స్టెరాయిడ్ మాత్రల షీటు తీసుకుని, "దీని మీద నమ్మకం ఉన్నన్నాళ్ళు స్వరం పని చెయ్యదమ్మా" అని హార్మోనియం మీద పెట్టినాడు. ఆమె దండం పెట్టింది. ఏరా, ఏం తెలుసురా నీకు? 1932లో డాక్టర్లు ఆ జబ్బుని వివరంగా రాసినప్పటి నుంచి ఈ రోజు దాకా దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు, ఉన్న మందులతో అణిచిపెట్టుకుని బతకాల. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఆ పిల్ల పేగు మూసుకుపోయి ఆపరేషన్ థియేటర్‌లోకి పోతే బయట నిలబడి మోహన రాగం పాడతావా? ఫీజు తీసుకున్నావు కదా, బాత్రూం తాళం తీసే బాధ్యత కూడా లేదు, మాత్రలు లాక్కునే హక్కు యాడిది నీకు?

పాడాలనిపిస్తే పాడండి, గుడిలో భజనకి పోండి, ఫీజు ఉండదు, మీ మాత్రల జోలికి ఎవురూ రారు. ఆ పిల్ల వాళ్ళమ్మ ఇది చదువుతా ఉంటే మాత్రం, అమ్మా, మాత్రలు ఆపేసి ఉంటే రేపటి దాకా చూడొద్దు, ఈ పూటే డాక్టరుకి ఫోన్ చెయ్యి.