‘మనం లీగల్, మనకేం భయం’ అనే ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

అమెరికాలోని మన తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ నెలల తరబడి తిరుగుతోంది. కమ్యూనిటీ గ్రూపులో ఒకరు పెడతారు, కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇంకొకరు పెడతారు, కింద అందరూ దండాలు పెడతారు. సారాంశం ఇది. అక్రమంగా వచ్చినవాళ్లు ట్యాక్స్ కట్టరు, మన డబ్బుతో అన్నీ ఫ్రీగా అనుభవిస్తారు, నేరాలు చేస్తారు, మనలా లైన్లో నిలబడరు. ఆశ్రయం అడగడం అంతా దొంగ నాటకం. వాళ్లకు పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఇవ్వకూడదు. పౌరులు కానివాళ్లకు హక్కులు ఉండవు కాబట్టి కోర్టూ విచారణా లేకుండా విమానం ఎక్కించేయాలి. చివర్లో పెద్ద అక్షరాలతో: ‘మనం లీగల్‌గా వచ్చాం, మనకేం భయం లేదు.’

ఇన్నాళ్లూ ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. మొన్న ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద ఉన్న ఒక కుర్రాడు దాన్నే పంపించి చప్పట్లు కొట్టాడు. ఉద్యోగం పోతే ఆ అబ్బాయి స్టేటస్ ఏమవుతుందో తలుచుకుంటే ఇక నోరు మూసుకోబుద్ధి కాలేదు.

ట్యాక్స్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఐటిన్, అంటే పన్ను కట్టడానికి ఇచ్చే నంబర్, మన ఇళ్లలో అందరికీ తెలుసు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చిన భార్యల పేరు రిటర్న్‌లో చేర్చడానికి మనం తీసుకునేది అదే. సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్లు కూడా పన్ను కట్టాలనే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని 1996లో పెట్టింది. పత్రాలు లేనివాళ్లు లక్షలాదిగా దానితోనే ఫైల్ చేస్తారు. చాలామందికి జీతంలోనే కోత పడుతుంది. 2022 ఒక్క ఏడాదిలో వాళ్లు కట్టిన పన్నులన్నీ కలిపి 9,670 కోట్ల డాలర్లని ఐటీఈపీ అనే పన్నుల అధ్యయన సంస్థ అంచనా వేసింది. అందులో 2,570 కోట్లు సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఖాతాకు వెళ్లాయి. ఆ పెన్షన్ వాళ్లలో చాలామందికి ఏనాటికీ రాదు.

‘అన్నీ ఫ్రీ’ అన్నది కూడా అంతే. 1996లో క్లింటన్ సంతకం పెట్టిన సంక్షేమ చట్టం ప్రకారం పత్రాలు లేనివాళ్లకు ఫుడ్ స్టాంపులు లేవు, పేదలకిచ్చే ఫెడరల్ వైద్య బీమా మెడికెయిడ్ లేదు, ఎమర్జెన్సీ వైద్యం ఒక్కటే మినహాయింపు. గ్రీన్ కార్డ్ వచ్చిన మన అమ్మానాన్నలే మెడికెయిడ్ కోసం ఐదేళ్లు ఆగాల్సి వస్తోంది కదా, అదీ ఆ చట్టం పుణ్యమే. పిల్లలకు బడి మాత్రం ఉంది. టెక్సాస్ రాష్ట్రం ఆ పిల్లల్ని బడికి దూరం పెట్టబోతే 1982లో సుప్రీంకోర్టు కుదరదంది. పిల్లలు చదువుకోవడం మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ మాట వాళ్లు తమ పేరుతో చెప్పాలి, ఫార్వర్డ్ చాటున కాదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను. న్యూయార్క్ నగరం 2022 నుంచి, సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు హోటళ్లలో బస కల్పించి వందల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. అది నిజం, పన్ను కట్టే మనిషికి మండటంలోనూ న్యాయం ఉంది. నిలువ నీడ లేనివాళ్లకు బస ఇస్తామని ఆ నగరం 1981లోనే కోర్టులో ఒప్పుకుంది. మరోపక్క ఫెడరల్ చట్టం ఆశ్రయం అడిగినవాళ్లకు తొలి ఆరు నెలలు వర్క్ పర్మిట్ ఇవ్వదు. పని చేసుకోనివ్వకుండా, పని చేయడం లేదని తిట్టడం ఏం పద్ధతి?

ఫ్రీ ఫోన్లు? అవి నిఘా కోసం ఇమ్మిగ్రేషన్ అధికారులు ఇచ్చినవి. హాజరు వేసే యాప్ తప్ప వాటిలో ఇంకేమీ పనిచేయదు. కాలికి పట్టీ వేసే బదులు చేతిలో పెట్టారు, అంతే.

నేరాలంటారా, అరెస్టయిన ప్రతి మనిషి ఇమ్మిగ్రేషన్ స్టేటస్‌ని నమోదు చేసే రాష్ట్రం టెక్సాస్. 2012 నుంచి 2018 వరకు అక్కడి లెక్కలు తీసి చూస్తే, తీవ్ర నేరాల్లో అరెస్టు రేటు పత్రాలు లేనివాళ్లలో ఇక్కడ పుట్టిన పౌరులకన్నా బాగా తక్కువ. వాళ్లంటే పడని రాష్ట్రం లెక్కలే ఇవి.

ఇక లైన్. ఈ మాట దగ్గరే మనవాళ్ల కడుపు మంట బయటపడుతుంది, అది నాకు బాగా అర్థమవుతుంది. నేనూ నెల నెలా, గ్రీన్ కార్డు వంతులు చెప్పే వీసా బులెటిన్ తెరిచి, ఈబీ-2 (పై చదువు ఉన్నవాళ్ల గ్రీన్ కార్డు విభాగం) ఇండియా తేదీ కదిలిందా లేదా అని చూసే మనిషినే. తేదీ ముందుకు రావడం మాట అటుంచి, వెనక్కి పోయిన నెలలు కూడా ఉన్నాయి. కానీ ఈ లైన్ పొడవు పెంచింది ఎవరు? ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000, భార్యాపిల్లలతో కలిపి. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. ఈ లెక్క 1990 చట్టంలోది. సరిహద్దు దాటినవాడు ఈ 1,40,000లో ఒక్క నంబర్ కూడా తీసుకోడు. ఆశ్రయం దొరికినవాడికి వచ్చే గ్రీన్ కార్డు కూడా ఈ కోటాలోంచి పోదు. దేశాల వారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది, 2020 డిసెంబర్లో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది, రెండూ కలవక చచ్చిపోయింది. మన లైన్ ఆగిపోయింది అక్కడ. అరిజోనా ఎడారిలో కాదు.

వాళ్లెందుకు లైన్లో నిలబడరంటే, వాళ్లకు లైనే లేదు. పెద్ద చదువు, అనుభవం అక్కర్లేని పనులకు ఇచ్చే గ్రీన్ కార్డులు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 10,000 మించవు. పొలం పనులకు సీజన్ వీసాలున్నాయి, సీజన్ అయ్యాక వెళ్లిపోవాలి. అమెరికన్ పౌరుడైన అన్న మెక్సికోలోని తమ్ముడికి పిటిషన్ వేస్తే ఇరవై ఏళ్లు దాటినా వంతు రాదు. ఇళ్ల పైకప్పులు వేసే మనిషి వెళ్లి ఏ ఆఫీసు ముందు నిలబడాలో ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి చెబితే బాగుండేది.

ఆశ్రయం అంతా నాటకం అన్నది సగం మాట. 1980 శరణార్థుల చట్టం ప్రకారం, ఏ దారిన వచ్చినా సరే, అమెరికా గడ్డ మీద ఉన్న మనిషికి ఆశ్రయం అడిగే హక్కుంది. అడగడం నేరం కాదు. అయితే ఏజెంట్ నేర్పిన కథ వల్లించేవాళ్లు ఉన్నారా? ఉన్నారు, మనవాళ్లలోనూ ఉన్నారు. లక్షలు పోసి డాంకీ రూట్లో, అంటే దొంగదారిన దేశాలు దాటుకుంటూ వచ్చి, అందరూ ఒకే కథ చెబితే, నిజంగా ప్రాణభయంతో వచ్చినవాడి ఫైలు ఆ గుట్ట కింద పడిపోతుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టుల్లో పేరుకుపోయిన కేసులు 30 లక్షలు దాటాయి. జడ్జీలను పెంచి త్వరగా తేల్చండి, అబద్ధమని తేలినవాళ్లను పంపండి అంటే నేనూ చెయ్యెత్తుతాను. ఈ మెసేజ్ అడుగుతున్నది అది కాదు, అసలు వినకుండానే పంపమంటోంది.

పైగా ‘వాళ్లు’ అంటే ఎవరనుకుంటున్నారు? 2022 నాటికి పత్రాలు లేకుండా అమెరికాలో ఉన్న భారతీయులు దాదాపు 7,25,000 అని ప్యూ అనే పరిశోధన సంస్థ అంచనా. ఆ అంచనాలో మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత మూడో స్థానం మనదే. సరిహద్దు దాటి వచ్చినవాళ్లతో పాటు, వీసా మీద దర్జాగా ఎయిర్‌పోర్టులో దిగి, గడువు దాటాక ఉండిపోయినవాళ్లూ అందులో ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలోని 104 మందీ భారతీయులే. చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులతో వచ్చారు.

పిల్లల పౌరసత్వం దగ్గరికి వస్తే, మెసేజ్ పంపినవాళ్లు 2025 జనవరి 20 నాటి ట్రంప్ ఉత్తర్వు చదవలేదని తెలిసిపోతోంది. అందులో ఉన్నది పత్రాలు లేనివాళ్ల పిల్లలు మాత్రమే కాదు. తల్లి హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి వీసా) లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డ్ హోల్డరో కాకపోతే, పుట్టే బిడ్డకూ పౌరసత్వం లేదని రాశారు. అంటే మన బిడ్డలు. ఉత్తర్వు అమలు కాకముందే, ఫిబ్రవరి 20 లోపు కాన్పు చేయించుకోవచ్చా అని డాక్టర్లను అడిగిన భారతీయ జంటల గురించి అప్పట్లో వార్తలు వచ్చాయి. నెలలు నిండకుండా కోత పెట్టించుకుందామా అని ఒక తల్లి ఆలోచించిందంటే ఎంత టెన్షన్ పడి ఉండాలి! ఆ ఉత్తర్వును కోర్టులు ఆపింది దేని ఆధారంతో? 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు గెలిచిన కేసు ఆధారంతో. తల్లిదండ్రులు చైనా మనుషులు, వాళ్లకు పౌరసత్వం తీసుకునే హక్కే లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు కాబట్టి ఆయన పౌరుడే అంది సుప్రీంకోర్టు.

ఇప్పుడు ఆ పెద్ద అక్షరాల మాట. దీని మీదే నాకు కోపం. మిగతావి అబద్ధాలు, ఇది ప్రమాదం.

లీగల్‌గా ఉన్నవాళ్లకు భయం లేదా? భగత్ సింగ్ థింద్ లీగల్‌గానే వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1923లో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వానికి తగరని తీర్పిచ్చింది. అప్పటికే పౌరులైపోయిన భారతీయుల నుంచి కూడా ప్రభుత్వం పౌరసత్వం లాక్కుంది. వారిలో ఒకరు శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్. ఆస్తి నిలుపుకోలేకపోయాడు, ఇండియా వెళ్లడానికి అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు, 1928లో ప్రాణం తీసుకున్నాడు. మళ్లీ మనవాళ్లకు పౌరసత్వం తలుపు తెరుచుకున్నది 1946లో. అప్పుడూ ఏడాదికి వచ్చే కోటా వంద మందికే.

పాత కథ అంటారా? 2011లో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో ఫెడరల్ అధికారులు దాడి చేసినప్పుడు అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లు. కొందరి కాళ్లకు ట్రాకింగ్ పట్టీలు వేశారు. 2019లో మిచిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ సంగతి బయటపడింది. దాన్ని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. అరెస్టయినవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. తప్పు తెలిసి చేరినవాళ్లూ ఉండొచ్చు. కానీ నిన్నటిదాకా ‘లీగల్’ అన్న మనమే మర్నాడు ఆ పిల్లల్ని ఏమన్నామో గుర్తుందా?

కూచిభొట్ల శ్రీనివాస్ హెచ్-1బీ మీద ఉన్న ఇంజినీరు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, ఆయన్నూ స్నేహితుణ్నీ ఒకడు మీరు ఏ వీసా మీద ఉన్నారు, అక్రమంగా ఉన్నారా అని నిలదీశాడు. బయటికి వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. వాడు వాళ్ల పత్రాలు అడిగి చూడలేదు. శ్రీనివాస్ పోయాక, ఆయన వీసా మీద ఆధారపడిన భార్యకు ఈ దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమైంది.

అందుకే ‘పౌరులు కానివాళ్లకు హక్కులు లేవు, విచారణ అక్కర్లేదు’ అని మనవాడు ఫార్వర్డ్ చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. విచారణే లేకపోతే ఎవరు లీగలో, ఎవరు కాదో తేల్చేది ఎవరు? మీ వీసా ఆమోద పత్రం ఐ-797 తీసి చూపించే చోటు ఏది? 1886లో చైనా లాండ్రీ నడిపేవాళ్ల కేసులో, రాజ్యాంగం పద్నాలుగో సవరణ రక్షణ పౌరులకే పరిమితం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. దేశం నుంచి పంపే కేసులో కూడా ఐదో సవరణ కింద న్యాయమైన విచారణ హక్కు ఉందని 1993లో రాసింది జస్టిస్ స్కాలియా, వలసదారుల పక్షపాతి అని ఎవరూ అనలేని జడ్జి.

ఆ హక్కు మనకు ఏం చేసిందో చూడండి. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విద్యార్థి స్టేటస్ నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. కొందరి మీద ఉన్నది ట్రాఫిక్ టికెట్టో, ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసో. భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నోటీసు లేదు, వాదన వినడం లేదు. పిల్లలు కోర్టులకెక్కారు. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో జడ్జీలు ఆపుతూ వచ్చారు. ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గి రికార్డులు పునరుద్ధరిస్తున్నట్టు కోర్టుకు చెప్పింది. ఫార్మింగ్టన్ విద్యార్థులు ఫీజు తిరిగివ్వమని వేసిన దావాను కూడా 2024లో అప్పీల్ కోర్టు మళ్లీ నిలబెట్టింది. ఆ దావా అమెరికా ప్రభుత్వం మీదే.

ఇది చదివాక కూడా ఆ మెసేజ్ పంపాలనిపిస్తే మీ ఇష్టం. ఓపీటీ మీద ఉన్న తమ్ముడికి మాత్రం ఒక మాట: ఐ-20లు (యూనివర్సిటీ ఇచ్చే పత్రాలు), ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), పాత ఆఫర్ లెటర్లు అన్నీ స్కాన్ చేసి పెట్టుకో. ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబరు ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకో. నీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్ఓతో మాట్లాడుతూ ఉండు.