సముద్రం ఊళ్లో లేదు

భీమిలి ముప్పావుగంట ప్రయాణం, చింతపల్లి లైట్‌హౌసు కూడా పెద్ద దూరమేం కాదు. అంచేత సముద్రం గురించి తమకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదని విజయనగరం వాళ్లకి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే కంటోన్మెంటు బావగారు డిసెంబరు సెలవులకి అండమాన్లో గది వెతకడం మొదలెట్టారు.

వెళ్లేది హేవలాక్‌కి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గాని జనం నోట ఇంకా హేవలాకే. అక్కడ బీచీలకి నంబర్లుంటాయి. మూడో నంబరు గోవింద్‌నగర్, ఏడో నంబరు రాధానగర్, ఐదో నంబరు విజయ్‌నగర్. ఇంకేముంది, బావగారు ఐదు దగ్గరే ఆగిపోయారు. "మనూరి పేరే పెట్టీసేరు, ఇంకేటి ఆలోచన?" అంటూ మూడు రాత్రులకీ డబ్బు కట్టేశారు. అదీ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాని రకం, చవగ్గా వస్తోందని.

ఫొటోలో గది మెట్టు దిగితే నీళ్లే. మరి ఫొటో తీసేది నీరెక్కి పోటు మీదున్నప్పుడు. నీరు దిగిపోయిన పాటులో తీసి పెట్టేటంత సత్యసంధుడు ఈ వ్యాపారంలో బతకలేడు. వాళ్ల మాటలకీ అర్థాలు వేరు. 'బీచ్ ఫ్రంట్' అంటే ఎదురుగా బీచే. అందులో నీళ్లుంటాయని ఎవరూ మాటివ్వలేదు. 'సీ వ్యూ' అంటే బాల్కనీ చివర నిలబడి మెడ చాపితే కొబ్బరిచెట్ల సందులోంచి కనపడే నీలం. 'బీచ్ యాక్సెస్' అంటే పక్క రిసార్టు గోడవార నడిచి వెళ్లే సందు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చడం బావగారికి మరీ కలిసొచ్చిన శకునంలా తోచింది. అక్కణ్ణించి ఫెర్రీలో సుమారు రెండు గంటలు. అత్తగారు వాంతులకి నిమ్మకాయ వాసన చూస్తూ, బావగారు ఆవిడకి సముద్రం గురించి చెబుతూ చేరారు. భోజనాలై, మూడింటికి తువ్వాళ్లు భుజానేసుకుని గుమ్మంలోకొస్తే సముద్రం లేదు. ఎక్కడో నీలం గీత. ఈ మధ్యంతా తడిసిన ఇసక, పగడపు రాళ్లు, పక్కకి ఒరిగిపోయిన రెండు పడవలు.

"ఏటండీ, సముద్రం ఏదీ?" అంది ఇంటావిడ.

రిసెప్షన్లో కుర్రాడు తాతలనాడు సిక్కోలు నుంచి వలసెళ్లిన కుటుంబంలోవాడే. "పాటండీ. రాత్రి తొమ్మిదికి వచ్చెస్తాది."

"రాత్రి తొమ్మిదికొస్తే మేవేటి చేసుకోవాలి?"

"చూడండి."

బావగారికి రోషం వచ్చింది. అదే వస్తుందా, మనమే వెళ్దాం అని హవాయి చెప్పులతో బయల్దేరారు. యాభై గజాలు దాటేసరికి రాళ్ల సందులో చెప్పు ఇరుక్కుని పట్టీ ఊడొచ్చింది. చెప్పు తీసుకోడానికి వంగితే రెండో కాలి కింద మెత్తగా ఏదో కదిలింది. ఆపైన ఆయన కదల్లేదు. పడవ తాలూకు బెంగాలీ తాత చెయ్యట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు.

తప్పు సముద్రానిది కాదు. భీమిలిలోనూ ఆటుపోట్లున్నాయి, ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీరు దిగినా వెనక్కి జరిగేది కాస్తే, ఎవరూ పట్టించుకోరు. హేవలాక్ తూర్పు ఒడ్డు పళ్లెం. నిలువునా రెండు మీటర్లు దిగిందంటే అడ్డంగా వందల మీటర్లు పోతుంది. మూడో నంబరూ, ఐదో నంబరూ ఆ తూర్పువే. పడమటి వైపు రాధానగర్‌లో అడుగంతా ఇసకే, పాటులోనూ దిగి మునగొచ్చు.

అలాగని గది రాధానగర్‌లోనే తీసుకోవాలనీ కాదు. అక్కడ గదులు తక్కువ, ఉన్నవి ఖరీదు, చీకటిపడితే తిండికి వెతుక్కోవాలి. హోటళ్లు, అద్దె స్కూటర్లు, స్కూబా వాళ్లు తూర్పు రోడ్డులోనే. జెట్టీకీ ఇదే దగ్గర. అదే రాధానగర్ నుంచయితే జెట్టీ 12 కిలోమీటర్లు, పొద్దున్నే ఫెర్రీ ఉన్నరోజు తెలుస్తుంది. కాబట్టి గది తూర్పున, మునక పడమట. మధ్యాహ్నం మూడు కాకుండా ఆటో ఎక్కాలి. బావగారు మర్నాడు నాలుగున్నరకి టీ తాగి ఎక్కారు. మన సముద్రంలో సూర్యుడు లేవడమే గాని మునగడం చూసినవాళ్లం కాదు కదా, ఆ ముచ్చట కోసం. గడియారం మనదే అయినా ఆ దీవులు బాగా తూర్పునుంటాయి, డిసెంబర్లో ఐదింటికే పొద్దు గూకుతుంది. ఆటో దిగేసరికి విజిల్ ఊది జనాన్ని బయటికి పంపిస్తున్నారు.

ఆ రాత్రి అత్తగారు సంచీలోంచి పంచాంగం తీశారు. "బాబూ, మనం బయల్దేరింది పున్నమికి కదూ?"

"మీరే కదత్తయ్యా, మంచిరోజని పెట్టించారు."

మంచిరోజే. కాకపోతే పున్నమికీ, అమావాస్యకీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీరు మిగతా రోజులకంటే ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ దిగుతుంది. పాటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ, వారం తిరిగేసరికి పాటుండే గంటకి పోటొస్తుంది, దిగడమూ తగ్గుతుంది. అంటే గది బుక్ చేసే ముందు చూడాల్సింది తిథి. తర్వాత రిసార్టువాడికి ఫోన్ చేసి, "పాటు వేళ గది ముందు ఎలా ఉంటుందో ఓ ఫొటో పంపు" అనాలి. పంపకపోతే అదే జవాబు.

"అయితే వచ్చేసారి అష్టమి వెళ్లాక దిగుదాం," అంది ఇంటావిడ, వేళ్ల మీద లెక్కేసి.

"అంటే అష్టమినాడు గుమ్మం దాటాలా?" అత్తగారు పంచాంగం మూసేశారు. బేరం రాత్రి పదకొండు దాకా నడిచింది. ఈలోగా సముద్రం మెట్ల దాకా వచ్చి కూచున్నా ఎవరూ తలెత్తలేదు. చివరికి సప్తమినాడే పెట్టె ఎదురింట్లో ప్రస్థానం పెట్టేసి, అష్టమికి మనుషులు మాత్రం బయల్దేరేట్టు తేలింది.

ఎదురింటావిడ ఫోన్లోనే ఒప్పుకుంది. పోర్ట్ బ్లెయిర్లో వాళ్ల ఆడపడుచుంది, ఎలాగూ పెట్టె తమింట్లోనే ఉంటుంది గనక అందులో మూడు కిలోల ఆవకాయ తనే సర్దేస్తానంది.