గుత్తి నుంచి వెళ్లిన ఉత్తరం

ఏటా డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవం పేరిట మన బడుల్లో రామానుజన్ పటానికి పూలమాల వేస్తారు, క్విజ్ పోటీలు పెడతారు. ఆ తర్వాత మూడో రోజున అనంతపురం జిల్లా తనదిగా చెప్పుకోవలసిన తేదీ ఒకటుంది. దానిని మా పత్రికతో సహా ఎవరూ పట్టించుకోలేదు. 1906 డిసెంబరు 25న, అప్పట్లో గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ గణితాసక్తి గల మిత్రులకు ఒక ఉత్తరం రాశారు. విలువైన గణిత గ్రంథాలు, విదేశీ పత్రికలు ఒక్కొక్కరు కొనుక్కోగలిగినవి కావు గనుక, చందాలు వేసుకొని తెప్పించి ఒకరి తర్వాత ఒకరు చదువుకుందామన్నది అందులోని ఆలోచన. 1907 ఏప్రిల్‌లో 20 మంది సభ్యులతో ‘అనలిటిక్ క్లబ్’ ఏర్పడింది. పుణెలోని ఫెర్గుసన్ కళాశాల దాని గ్రంథాలయానికి నెలవైంది. నేటి భారత గణిత సంఘం అదే.

రెవెన్యూ ఉద్యోగంలో ఉంటూనే జ్యామితిని వదలని అయ్యర్ వద్దకు 1910లో రామానుజన్, అప్పటికి ఆయన పనిచేస్తున్న తమిళనాడులోని తిరుక్కోయిలూరు వెళ్లి గుమాస్తా పని అడిగారు. నోటుపుస్తకాలు తిరగేసిన అయ్యర్, ఇంతటి ప్రతిభను రెవెన్యూ శాఖ అట్టడుగు మెట్టు మీద అణచివేయడానికి మనసొప్పక, పరిచయ లేఖలిచ్చి మద్రాసు పంపారు. అడిగిన ఉద్యోగం ఇవ్వకుండా ఒక అధికారి ఇంత మేలు చేసిన సందర్భం మరొకటి ఉంటుందని మేము అనుకోము. ఆ దారి నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆదరణకు, 1914లో కేంబ్రిడ్జికి చేర్చింది.

రామానుజన్ తొలి పరిశోధన పత్రం వెలువడింది 1911లో, ఈ సంఘం పత్రికలోనే. అదే ఏడు ఆయన పాఠకులకొక లెక్క ఇచ్చారు: వర్గమూలం లోపల 1, దానికి కలిపి 2 రెట్ల మరో వర్గమూలం, అందులో 1, దానికి కలిపి 3 రెట్ల ఇంకొకటి, ఇలా అంతులేకుండా సాగితే విలువ ఎంత? నెలలు గడిచినా సమాధానం రాలేదు. 3తో మొదలుపెడదాం: 3 అంటే 9కి వర్గమూలం. ఆ 9లో 1 పోగా మిగిలిన 8 రెండు నాలుగులు. ఆ 4 అంటే 16కు వర్గమూలం. 16లో 1 పోగా మిగిలిన 15 మూడు అయిదులు. ఇలా విప్పుకుంటూ పోయి జవాబు 3 అని తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నల్లబల్ల మీద చూపగలరు. (అంతులేకుండా అలా పోవచ్చునని నిరూపించడం వేరే పని.)

కోటకూ రైల్వే జంక్షనుకూ పేరుపడిన గుత్తిలో అయ్యర్‌కు విగ్రహం పెట్టమని మేము కోరడం లేదు. ఆయన చేసిన పనినే మళ్లీ చేయమంటున్నాము. గణిత మాసపత్రికలు, లెక్కల పుస్తకాలు నాలుగైదు బడులు కలిసి కొని, వంతుల వారీగా పంచుకోవాలి. నెలకొక లెక్క ఒక బడి ఇచ్చి, మిగతా బడుల పిల్లల జవాబులను పేర్లతో సహా గోడపత్రికలో పెట్టాలి. డిసెంబరు 25 క్రిస్మస్ సెలవు గనుక ముందురోజే మొదలుపెట్టవచ్చు. జిల్లా విద్యాశాఖ తలచుకుంటే, ఈ విద్యాసంవత్సరం ముగిసేలోగానే తొలి పుస్తకాల కట్ట గుత్తి నుంచి పామిడికి, అక్కడి నుంచి గార్లదిన్నెకు బయలుదేరగలదు.