గలాథియా ఒడ్డు ఖాళీ అని ఎవరు చెప్పారు?

"గ్రేట్ నికోబార్‌లో మనుషులే లేరు. గలాథియా నది కాదు, పిల్లకాలువ. కొట్టే చెట్లకు బదులు హర్యానాలో నాటుతారు. తాబేళ్లు పక్క దీవికి పోతాయి. మలక్కా ఓడదారి పక్కనే మనకు పెద్ద పోర్టు వస్తుంది." చదువుకున్న స్నేహితులే ఈ మెసేజ్‌ని గ్రూపు గ్రూపుకూ తిప్పుతున్నారు. అండమాన్ నికోబార్‌లో దక్షిణపు కొసన ఉన్న ఈ దీవిలో, గలాథియా నది సముద్రంలో కలిసేచోట తలపెట్టిన పోర్టు, పట్టణం ప్రాజెక్టు గురించి ఇది.

పిల్లకాలువే అనుకోండి. సుమారు 900 చదరపు కిలోమీటర్ల దీవిలో గోదావరి ఎక్కడ పారుతుంది?

హర్యానా మాట మరీ అన్యాయం. పోతున్నది 130.75 చదరపు కిలోమీటర్ల అడవి, ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటి వాన పడే చోటు. మెట్టనేలలో మొక్కలు నాటితే కాగితం మీద లెక్క సరిపోతుంది. అడవి రాదు.

ఇక తాబేళ్లు. లెదర్‌బ్యాక్ అనే పెద్ద సముద్రపు తాబేలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి, దాదాపు ముప్పాతిక మీటరు లోతున గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి రెండు నెలలు. అన్నాళ్లూ పోటునీరు అందని వదులు ఇసుక ఉండాలి, నీళ్లు చేరితే గుడ్లు పాడైపోతాయి. తీరం వెంట కదిలే ఆ ఇసుకకు బ్రేక్‌వాటర్, అంటే అలల్ని ఆపేందుకు సముద్రంలోకి కట్టే రాతిగోడ, అడ్డుపడితే ఒకవైపు మేట వేస్తుంది, రెండోవైపు కోసుకుపోతుంది. విశాఖ ఆర్కే బీచ్ కోత చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పాలా? 2004 సునామీకి గలాథియా తీరం కొట్టుకుపోయినా కొన్నేళ్లకు ఇసుక మళ్లీ చేరింది, తాబేళ్లూ తిరిగొచ్చాయి. రాతిగోడ కట్టాక ఆ అవకాశం ఉండదు. అక్కడి అభయారణ్యం హోదాను 2021 జనవరిలోనే తీసేశారు.

ఓడదారి మాట మాత్రం ఒప్పుకోవాలి. అక్కడ సహజంగానే 20 మీటర్లకు పైగా లోతుంది. మన కంటైనర్లు కొలంబోలో, సింగపూర్‌లో ఓడ మారుతున్నాయి. పోర్టు కావాలనే వాదనలో బలముంది.

కానీ "మనుషులే లేరు" అనడం! ఆ దీవి అడవుల్లో ఉండే ఆదివాసీ తెగ షాంపెన్లు 2011 జనగణనలో 229 మంది. మన చెంచుల్లాగే పీవీటీజీ, అంటే ప్రత్యేకించి కాపాడాల్సిన బలహీన గిరిజన తెగ. లోపలి అడవిలో నదుల వెంట మకాం మారుస్తూ, అడవిపందిని వేటాడుతూ, మొగలి జాతి పండ్లు తింటూ బతుకుతారు. బయటి జనంతో కలవనివాళ్ల ఒంట్లో తట్టు, ఫ్లూ లాంటివాటిని తట్టుకునే శక్తి ఉండదు. 8,000 మంది ఉన్న దీవికి 3.5 లక్షల మందిని తెచ్చే ప్రణాళిక ఇది. ఒక్క తట్టు రోగి చాలు.

అక్కడి మరో గిరిజన తెగ నికోబారీలనూ లేనట్టే చూస్తున్నారు. సునామీ దాకా పడమటి, దక్షిణ తీరాల్లో ఊళ్లున్నాయి. ప్రాణాలతో మిగిలినవాళ్లను క్యాంప్‌బెల్ బే దగ్గర షెల్టర్లలో పెట్టారు. సొంత ఊళ్లకు పంపండని అడుగుతూనే ఉన్నారు. వాళ్లను పోనివ్వకుండా ఆపి, ఆ నేల ఖాళీ అంటారా? వాళ్ల గిరిజన మండలి 2022 ఆగస్టులో ఈ ప్రాజెక్టుకు అనుమతి పత్రమిచ్చింది. తమ పాత ఊళ్లు కూడా అందులో పోతున్నాయని తెలిశాక, నవంబరులో దాన్ని వెనక్కి తీసుకుంది.